నూనె రాయరాదు

ఆరేళ్లుగా ఒక అబద్ధం నాతో కాపురం చేస్తోంది. దాన్ని బరువు అందామంటే నాకే సిగ్గుగా ఉంది. బరువు మోసేవాడు వంగుతాడు, చెమట కారుస్తాడు. నేను వంగలేదు. ఈ ఆరేళ్లలో నాకు పొట్ట వచ్చింది, కుర్చీ మారింది, నలుగురిలో మాట్లాడమని పిలిచే స్థాయి వచ్చింది. అబద్ధం మాత్రం పెట్టినచోటే ఉంది. అన్నం తింటుంటే ఉంటుంది. బస్సులో కునుకు తీస్తుంటే ఉంటుంది. కొబ్బరినూనె సీసా మూత తీస్తే మరీ ఉంటుంది. తలకు నూనె రాసుకోవడం మానేశాను. ఎందుకని మా ఆవిడ అడిగితే, పడటం లేదు, దురద వస్తోంది అన్నాను. అబద్ధానికి కాపలాగా ఇంకో అబద్ధం పెట్టాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం ఉంటే ఆరేళ్ల కిందే విప్పేవాణ్ణి. కాబట్టి నా నిజాయితీని మెచ్చుకునే పని పెట్టుకోకండి. పేరు కూడా చెప్పనివాడి నిజాయితీ ఏ పాటిదో మీకు తెలుసు.

నాది మర్పల్లి. చదివింది ఎలక్ట్రానిక్స్. రోగుల ఒంటికి పెట్టే పట్టీలు తయారు చేసే చోట పని చేస్తాను. ఛాతీకి ఒక పట్టీ. అది గుండెనూ ఊపిరినీ లెక్కపెడుతుంది. వేలికి ఒక తొడుగు. అది రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో చూస్తుంది. నడుముకు అగ్గిపెట్టెంత డబ్బా. ఇవి మూడూ తీగలు లేకుండా తమలో తాము మాట్లాడుకుని, ఇంట్లో గూట్లో పెట్టిన ఫోనుకు కబురు పంపుతాయి. ఫోనులో దీపం పచ్చగా ఉంటే మనిషి బాగున్నట్టు. ఎర్రబడితే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇంతే. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా చేశామని మేం గర్వంగా చెప్పుకునేవాళ్లం. చదువు వచ్చినవాళ్లు ఏం అర్థం చేసుకున్నారో ఎవరూ అడగలేదు.

ఈ పట్టీలకు ఉన్న పెద్ద రోగం బ్యాటరీ. ఊపిరి లెక్కపెట్టడానికి దానికి పెద్ద ఖర్చు కాదు. ఆ లెక్కను గాలిలోకి పంపడానికే బ్యాటరీ కరిగిపోతుంది. అంటే ఎంత తక్కువ మాట్లాడితే అంత ఎక్కువ కాలం బతుకుతుంది. మా పెద్దసారు, అంటే ప్రాజెక్టు నడిపించే ఆయన, వెళ్లిన ప్రతిచోటా ఏడు రోజులని చెప్పేవాడు. ఒకసారి పెడితే ఏడు రోజులు మళ్లీ ముట్టుకోనక్కర్లేదని. ఆయన నోటి నుంచి ఊడిపడ్డాక అది నిజం కావలసిందే. దాన్ని నిజం చేయవలసినవాణ్ణి నేను. అసలు వస్తున్నది రెండు రోజులు, మహా అయితే రెండున్నర.

అప్పుడు నా బుర్రలో ఒక ఉపాయం పుట్టింది. పట్టీలో కదలికను పసిగట్టే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. మనిషి కదులుతుంటే పట్టీ మేలుకుని ఉండాలి. కదలకపోతే విశ్రాంతిలో ఉన్నట్టు. విశ్రాంతిగా కూర్చున్నవాడికి ఏమవుతుంది? అప్పుడు పట్టీ, దానితో పాటు తొడుగూ డబ్బా కూడా పడుకోవచ్చు. గంటకోసారి కళ్లు తెరిచి చూస్తే చాలు. ఆ గంటసేపూ ఫోను చివరిసారి వచ్చిన అంకెనే చూపిస్తుంది, దీపం పచ్చగానే వెలుగుతుంది. అది పాత అంకె అని ఒక ముక్క రాద్దామని ఎవరో అన్నారు. చూసేవాళ్లు కంగారుపడతారని నేనే వద్దన్నాను.

మా మీద మేమే పెట్టుకుని పరీక్షించాం. హైదరాబాదులో, చల్లటి గదిలో, కుర్చీలో కూర్చుని టీ తాగే ఆరోగ్యవంతుల మీద. మెట్లెక్కితే పట్టీ లేచింది, కూర్చుంటే పడుకుంది. ఏడు రోజులు వచ్చాయి. లడ్డూలు పంచారు. పెద్దసారు నా భుజం మీద చెయ్యి వేశాడు. పైన పటారం లోన లొటారం అంటారు కదా, ఆ రోజు లోన ఉన్న లొటారం నాకు కూడా కనిపించలేదు. అప్పటి వరకు నన్ను క్షమించవచ్చు. అక్కడి నుంచి వీల్లేదు.

ఆ పట్టీలను తాండూరు తీసుకుపోయాం. అక్కడ నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే కార్ఖానాల్లో ఏళ్ల తరబడి పని చేసి, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుపోయినవాళ్లు ఉన్నారు. మొదటి విడతలో పట్టీ పెట్టించుకున్నవాళ్లలో బాలప్ప ఒకడు. యాభై దాటి ఉంటాయి. ఇరవై ఏళ్లు పాలిష్ మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి. యాలాల్ పోయే దారిలో రెండు గదుల ఇల్లు. భార్య నాగమ్మ కందిపప్పు మిల్లులో పని చేసేది. ఆయన జబ్బు ముదిరాక మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసేది.

నాగమ్మకు ఏ పట్టీ అక్కర్లేదు. ఈ ముక్క ఆరేళ్లలో నేను ఎక్కడా చెప్పలేదు. ఆమె ఆయన గొంతు కింద గుంట చూసేది. గోళ్ల రంగు చూసేది. గుంట లోపలికి పోతే, గోళ్లు నీలం తిరిగితే, చేతిలో పని చేతిలో వదిలేసి ఆటో పిలిచేది. అలా నాలుగేళ్లు ఆయన్ని కాపాడుకుంటూ వచ్చింది. ఆ కళ్లకు బ్యాటరీ అయిపోదు. అలాంటి మనిషికి మేం పోయి, నీ కళ్లను నమ్మకు, ఈ దీపాన్ని నమ్ము అని చెప్పాం. మా ఫీల్డ్ వర్కర్ సుజాత మూడుసార్లు చెప్పించి అప్పజెప్పించుకుంది. పచ్చగా ఉంటే ఏం భయం లేదు. ఎర్రబడితేనే ఆటో.

పట్టీ పెడుతున్న రోజే నాగమ్మ నాతో ఒక మాట అంది. "దమ్మొస్తే బండ లెక్క కూసుంటడు సారూ. జర కదిలినా ఎక్కువైతదని."

తర్వాత తెలిసింది, అది ఆయన ఒక్కడి అలవాటు కాదు. కార్ఖానాలో పాతవాళ్లు కొత్తవాళ్లకు మొదట నేర్పే పాఠం అదే. ఆయాసం వస్తే మోకాళ్లు పట్టుకుని ముందుకు వంగి కూర్చో. కదలకు, మాట్లాడకు, సైగ కూడా చేయకు, ఉన్న ఊపిరిని దాచుకో. తాండూరులో దుమ్ము పీల్చిన ప్రతి మనిషీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు రాయిలా అయిపోతాడు. నా పట్టీ సరిగ్గా అప్పుడే నిద్రపోతుంది.

ఆ మాట వినగానే నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. నోటుబుక్కు తీసి 'పరిశీలించాలి' అని రాసుకున్నాను. చదువుకున్నవాడు ఒక పని చేయకూడదని నిశ్చయించుకుంటే రాసుకునే మాట అది. పది రోజుల్లో ప్రాజెక్టుకు డబ్బులిచ్చే పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. ఏడు రోజులని చెప్పి పిలిచాం. రూలు మారిస్తే మళ్లీ రెండు రోజులే. వాళ్లు వచ్చి పోయాక చూద్దాం అనుకున్నాను. పది రోజుల్లో ఏమవుతుంది?

ఆరో రోజు అయింది. పట్టపగలు, మూడు గంటలప్పుడు. సుజాత చెప్పగా తెలిసింది. బాలప్ప గడప దగ్గర మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. నాగమ్మ చూసింది. గొంతు కింద గుంట పడింది. లేచి చీర కొంగు సర్దుకుంది, ఆటో కోసం. గూట్లో ఫోను చూసింది. పచ్చగా ఉంది. కూర్చుంది. కాసేపటికి గోళ్లు చూసింది, మళ్లీ లేచింది. మళ్లీ ఫోను చూసింది. పచ్చగానే ఉంది. సుజాతమ్మ చెప్పింది కదా అని మళ్లీ కూర్చుంది. ఆయన పక్కకు ఒరిగి పడిపోయినప్పుడు ఆ కుదుపుకి నా పట్టీకి మెలకువ వచ్చింది. అప్పుడు దీపం ఎర్రబడింది. ఆటో ఆసుపత్రి చేరేసరికి ఏమీ మిగల్లేదు.

మరుసటి రోజు నేను ఆఫీసులో పట్టీ పంపిన లెక్కలన్నీ తెరిచి చూశాను. ఒంటరిగా. నలభై ఏడు నిమిషాలు అది పడుకుని ఉంది. పట్టీ ఒంటికి చక్కగా అతుక్కునే ఉంది, ఒక్క చోట కూడా ఊడలేదు. దానికి నేను ఏం చెప్పానో అదే చేసింది. ముందే ఆటో ఎక్కించి ఉంటే బతికేవాడా? డాక్టరు కూడా గట్టిగా చెప్పలేడు. ఆ 'చెప్పలేడు' వెనక నేను చాలాకాలం దాక్కున్నాను. ఏమో, బతికేవాడు కాదేమో, నాకెలా తెలుస్తుంది? తెలియదు. కాని నాలుగేళ్లలో ఎన్నోసార్లు ఆమె లేచి పోయి ఆటో తెచ్చింది, ప్రతిసారీ ఆయన తిరిగి వచ్చాడు. ఒక్కసారే ఆమె కూర్చుండిపోయింది. కూర్చోబెట్టింది నేను.

మూడో రోజు సుజాతతో కలిసి వాళ్లింటికి వెళ్లాను. పరామర్శ అని చెప్పుకున్నాం. నిజానికి పరికరాలు వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్లాం. గుమ్మం ముందు బాలప్ప వైపు చుట్టాలు కన్నడంలో ఏదో మాట్లాడుకుంటున్నారు. నాకు కన్నడం రాదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నన్నే అనుకుంటున్నారని బిగుసుకుపోయాను. ఒకాయన లేచి నాకు కుర్చీ తెచ్చి వేశాడు.

నాగమ్మ లోపలి నుంచి ఒక తువ్వాలు మూట తెచ్చింది. విప్పింది. పట్టీ, తొడుగు, డబ్బా. పట్టీని సబ్బుతో కడిగి ఆరబెట్టింది. అద్దంలా తుడిచింది. నా ముందు నేల మీద కూర్చుంది.

"సారూ, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకుండ్రి," అంది.

"అడుగమ్మా."

"గా దినం పొద్దుగాల ఆయన రొమ్ముకు నూనె రుద్దిన. జర కర్పూరం ఏసి, ఎచ్చజేసి. పట్టీని ముట్టలే, చుట్టూతనే రుద్దిన. అయినా లోపలికి పోయినట్టున్నది. గందుకేనా మిషన్ చెడిపోయింది?"

నిజం నా నాలుక మీదే ఉంది. ఒక్క 'కాదు' చాలు. కాదమ్మా, నూనెకూ దానికీ సంబంధం లేదు. ఇంతకంటే ఏమీ చెప్పనక్కర్లేదు, నా పేరు కూడా రానక్కర్లేదు. సుజాత నా వైపు చూస్తోంది. చుట్టాలు చూస్తున్నారు. ఎల్లుండి పెద్దవాళ్లు వస్తున్నారు. ఆ అరనిమిషంలో నేను ఏం ఆలోచించానో మీకు చెప్పాలి: ఆమె తనంతట తానే ఇస్తోంది కదా, తీసుకుంటే పోతుంది అనుకున్నాను.

"గావచ్చమ్మా," అన్నాను. "నూనె తగిలితే అది సరిగ పని చెయ్యదు."

ఆమె పట్టీని మళ్లీ తువ్వాలులో చుట్టింది. "అయితే నేనే చేసిన," అంది.

"తెల్వక చేసినవ్ లే అమ్మా. మనసుల పెట్టుకోకు."

చూశారా. ఆమెను నేను క్షమించాను. నేను చేసినదానికి ఆమెను, ఆమె ఇంట్లో, ఆమె చుట్టాలు వేసిన కుర్చీలో కూర్చుని క్షమించి వచ్చాను. ఆమె నాకు దండం పెట్టింది. ఆ దండానికి నేను తల ఊపాను.

నూనె సంగతి నాకు తెలియనిదా? మర్పల్లిలో నాకు జలుబు చేస్తే మా అమ్మ కర్పూరం వేసిన నూనె వేడి చేసి రొమ్ముకు రుద్దేది. పూర్తిగా తగ్గదు. కాని ఆ చెయ్యి ఉన్నంతసేపు ఊపిరి సులువుగా ఆడినట్టు ఉంటుంది. మందులు పని చేయని మనిషికి భార్య చేయగలిగింది ఇంకేం ఉంటుంది? ఆ చేతినే తీసుకుపోయి హంతకుల వరుసలో నిలబెట్టాను.

తర్వాతవన్నీ సాఫీగా జరిగాయి. 'రోగి కుటుంబీకులు పట్టీ వద్ద నూనె రాయడం వల్ల పరికరం సరిగా పని చేయలేదు' అని నివేదిక రాశాను. మీటింగులో పెద్దసారు చదివి, "వీళ్లకు ఎంత చెప్పినా అంతే," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ల నవ్వు చూసి నాకు అసహ్యం వేసింది అని రాద్దామనుకున్నాను ఇక్కడ. అది కూడా గొప్ప కోసమే. ఆ రోజు నాకు అసహ్యం వేయలేదు, హాయిగా అనిపించింది. వాళ్లకు అసలు సంగతి తెలియదు, తెలియక నవ్వారు. తెలిసి నవ్వినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే.

పెద్దవాళ్లు వచ్చి పోయాక, చడీచప్పుడు లేకుండా ఆ రూలు తీసేశాను. 'చిన్న సవరణలు' అని రాసి కొత్త ప్రోగ్రాము పట్టీలన్నిటికీ ఎక్కించాను. ఇప్పుడవి కదలకుండా కూర్చున్నవాణ్ణి ఇంకా శ్రద్ధగా చూస్తాయి. ఏడు రోజులు కాస్తా మూడయ్యాయి. ఎందుకు తగ్గిందని పెద్దసారు గద్దించాడు. ఈసారి వచ్చిన బ్యాటరీలు మంచివి కావన్నాను. ఆడలేక మద్దెల ఓడు. ఆయన నమ్మాడు. తర్వాత మంచి చిప్పులు వచ్చి మళ్లీ ఆరు రోజులు అందుకున్నాం, ఆ గొడవ అందరూ మర్చిపోయారు. ఇప్పుడా పట్టీలు బాగానే పని చేస్తాయి, కొందరిని కాపాడాయి కూడా. దాన్ని నా ఖాతాలో వేసుకోవచ్చా అని ఒక్కోసారి అడుగుతాను. ఎవరిని అడుగుతాను? నన్నే. వేసుకో అనే చెబుతాను నేను నాకు. ఇలాంటి న్యాయమూర్తి దొరకడం అదృష్టం.

రూలు తీసేశాను గాని అబద్ధాన్ని తీయలేదు. దానికి కాళ్లు వచ్చాయి. ఇంటింటికీ పంచే సూచనల కాగితంలో అది మొదటి వరుస అయింది. '1. పట్టీ పెట్టుకున్నవారికి ఛాతీపై నూనె రాయరాదు.' లావు అక్షరాల్లో. పక్కన నూనె గిన్నె బొమ్మ, దాని మీద ఎర్ర అడ్డగీత. సుజాత ఆ కాగితం పట్టుకుని తాండూరు, యాలాల్, చివరికి మా మర్పల్లి దాకా తిరిగింది.

మూడేళ్ల కింద వికారాబాదులో రోగుల ఇళ్లలో ఆడవాళ్లకు శిక్షణ పెట్టారు. అద్దె హాలు. ముందు కూర్చున్నవాళ్లకు అనంతగిరి కొండల గాలి తగిలేలా కిటికీలు తెరిచారు. నేను వెనక ప్రొజెక్టర్ సరిచేస్తున్నాను. సుజాత మొదటి వరుస చదివి, "దీని గురించి మన నాగమ్మక్క చెప్తది," అంది.

ఆమె వస్తుందని నాకు తెలియదు. బాగా చిక్కిపోయింది. మైకు పట్టుకోవడం రాక రెండు చేతులతో పట్టుకుంది.

"తెల్వక నూనె రుద్దిన. మిషన్ ఆగిపోయింది. మా ఆయన పోయిండు," అంది. "నా లెక్క మీరెవ్వరు చెయ్యకుండ్రి అక్కా. నూనె ముట్టకుండ్రి."

పెద్దసారు నా పక్కకు వంగి, మాట అందరికీ బాగా తాకింది కదా అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నేను వైరు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు యాలాల్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ లేచింది.

"మరి దమ్మొస్తే రొమ్ముకు ఏం రాయాలె?"

"ఏం రాయొద్దు," అంది సుజాత.

ముసలమ్మ సరేనని కూర్చుంది. ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు గిన్నె పక్కన పెట్టేశారో నాకు తెలియదు. ఆయాసంతో కూర్చున్న మనిషి ఎదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఎంతమంది కూర్చున్నారో తెలియదు. ఆ రోజు నాగమ్మ నన్ను గుర్తుపట్టింది. టీ ఇస్తున్నప్పుడు దగ్గరికి వచ్చి, బాగున్నరా సారూ అని పలకరించింది. నేను పని ఉందని బయటికి వెళ్లిపోయాను. మెట్ల మీద నిలబడి రెండు బిస్కెట్లు తిన్నాను. తిన్నాను, అదే చెబుతున్నాను. ఆకలి కూడా పోలేదు నాకు.

ఇప్పుడెందుకు చెబుతున్నాను అంటారా? పశ్చాత్తాపం పొంగి కాదు. మొన్న ఆ సూచనల కాగితం కొత్తగా అచ్చు వేయడానికి నా బల్ల మీదికి వచ్చింది. ఇంకా చాలా ఊళ్లకు పంపుతారట. తప్పులుంటే దిద్ది సంతకం పెట్టాలి. మార్పు చేస్తే పక్కనే ఉన్న గడిలో కారణం రాయాలి. ఇంతకుముందు రెండుసార్లు వచ్చినప్పుడు కామాలు, చుక్కలు దిద్ది సంతకం పెట్టాను. ఈసారి కామాలు దిద్దడం అయ్యాక పెన్ను మొదటి వరుస దగ్గరికి వచ్చి ఆగింది. చాలాసేపు ఆగింది. అటెండరు వచ్చి అయిందా సార్ అని అడిగి పోయాడు.

వరుస మొత్తం కొట్టేశాను. కారణం గడి చిన్నది. అందులో పట్టేలా రాశాను: 'ఇది నిజం కాదు. నేను చెప్పిన అబద్ధం.' సంతకం పెట్టి పంపేశాను. పెద్దసారు ఇంకా పిలవలేదు. పిలుస్తాడు. అప్పుడు నేను ఇదంతా చెబుతానో, పొరపాటున రాశానని నీళ్లు నములుతానో నాకే తెలియదు. అందుకే ముందుగా ఇక్కడ రాసి పెడుతున్నాను, వెనక్కి తీసుకోవడానికి లేకుండా.

నాగమ్మకు ఇంకా చెప్పలేదు. హైదరాబాదు నుంచి తాండూరు ఎంత దూరమని? పొద్దున రైలెక్కితే టీ వేళకు వాళ్ల గడప దగ్గర ఉండొచ్చు. పోతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువ మీరు చూశారు. ఆమె మన్నించాలని కూడా అడగను. మన్నింపు అనేది ఎంత చవకగా ఇవ్వొచ్చో ఆ ఇంట్లో కూర్చుని చూపించినవాణ్ణి నేనే.

కాని ఒక్కసారి, ఎక్కడో ఒకచోట, ఇది ఉన్నదున్నట్టు ఉండాలి. ఆ రోజు పట్టీ చెడిపోలేదు. నిద్రపోయింది. దాన్ని నిద్రపుచ్చింది నేను. అది నిద్రపోతుందని తెలిసి ఊరుకున్నదీ నేనే. నాగమ్మ నూనె మంచిదే.